శక్తి నిత్యత్వము - కాల సౌష్ఠవము

శక్తిని సృష్టింపజాలము, నశింపజేయజాలము అని పాఠశాలలోనే చదువుకొందుము. ఐనను కొండపల్లికి ప్రక్కనే ఇబ్రహీంపట్నములో నున్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రమునకు కొత్త బొగ్గు వచ్చుచునే యుండవలెను. నిన్న మండించిన బొగ్గులోని శక్తి నశింపలేదు; అది ఎచ్చటనో ఉన్నది. అట్లయినచో దానినే తిరిగి ఏల వాడుకొనకూడదు? విద్యుత్తును పొదుపు చేయవలెనని ఏల చెప్పుదురు? నశింపని వస్తువును పొదుపు చేయుట యెందుకు?

వినుటకు ఇది పిల్లల ప్రశ్నవలె ఉన్నను, దీనికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో భౌతికశాస్త్రములోని రెండు భావములను వేరువేరుగా గుర్తింపవలెను. ప్రకృతి నియమములు నిన్న, నేడు, రేపు ఒకే తీరున ఉండుట మొదటిది. కాలమును వెనుకకు త్రిప్పినట్లు ఊహించినను ఆ నియమములు చెల్లుట రెండవది. శక్తి నిత్యత్వమునకు ఆధారము మొదటిదే గాని రెండవది కాదు. ఈ రెంటిని ఒకటిగా తలచుట వలన విద్యార్థులకే గాక పెద్దలకు కూడ పెక్కు అపోహలు కలుగుచున్నవి.

వెనుకకు త్రిప్పిన చలనచిత్రము

కొండపల్లి కొండపై నిలిచి ఒక బాలుడు ఒక రాతిని సెకనుకు 20 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి విసరెననుకొందము. భూమ్యాకర్షణ వలన దాని వేగము ప్రతి సెకనుకు 9.8 మీటర్ల చొప్పున తగ్గును. సుమారు 2 సెకండ్లలో అది 20 మీటర్లకు కొంచెము మించిన ఎత్తు చేరి, ఒక్క క్షణము నిలిచి, క్రిందికి దిగనారంభించును. గాలి నిరోధమును లెక్కలోనికి తీసికొననిచో, విసరిన చోటికి తిరిగి వచ్చునప్పటికి దాని వేగము మరల సెకనుకు 20 మీటర్లే.

ఈ దృశ్యమును చలనచిత్రముగా తీసి, ఫిల్మును వెనుకనుండి ముందునకు నడిపినచో ప్రేక్షకునకు ఏమియు తేడా తెలియదు. అప్పుడును ఒక రాయి పైకి పోవును, క్రిందికి వచ్చును. ఏది అసలు చిత్రమో, ఏది తిరగవేసినదో చెప్పుట అసాధ్యము.

ఇందుకు కారణము న్యూటను నియమములోనే ఉన్నది. ఆ నియమము బలమును త్వరణముతో ముడిపెట్టుచున్నది, వేగముతో కాదు. కాలదిశను మార్చినపుడు వేగము తలక్రిందులగును: పైకి పోవునది క్రిందికి వచ్చును. కాని త్వరణమనగా వేగము మారు రేటు. దానిని గణించుటలో కాలముచేత రెండుమారులు భాగింపవలెను. ఋణ సంజ్ఞ రెండుమారులు వచ్చి రద్దగును. కావున త్వరణము మారదు, నియమము మారదు. ఈ లక్షణమునకే కాల విపర్యయ సౌష్ఠవమని పేరు.

ఇప్పుడు కొండ దిగి ఊరిలోనికి పోయి, బొమ్మలు చేయు శిల్పి పనిని చిత్రముగా తీయుదము. తెల్లపొణికి కర్రపై ఉలి దెబ్బ పడగనే ఒక చిన్న పెచ్చు ఎగిరి నేలమీద పడును. ఏనుగు అంబారీకో, దశావతారములలోని ఒక మూర్తికో రూపము ఏర్పడును. చింతగింజల జిగురుతో అవయవములను అతికి, రంగులు వేయుదురు. ఈ ఫిల్మును వెనుకకు త్రిప్పినచో నేలమీది పెచ్చులు తమంతట తాము లేచి కర్రకు అతుకుకొనుట కనబడును; ఆరిన రంగు తడియై కుంచెలోనికి పోవును. ఏ పసిపిల్లవాడైనను ఇది తిరగవేసిన చిత్రమని చెప్పి నవ్వును.

రాయి ఎగిరినను, కర్ర పెచ్చు ఎగిరినను నియమము ఒక్కటే. ఒకచోట ముందునకు వెనుకకు భేదము లేదు. వేరొకచోట స్పష్టముగా ఉన్నది. ఈ వైచిత్ర్యమునకు కారణము తరువాత చూతము. ప్రస్తుతము శక్తి సంగతి విచారింపవలెను. శిల్పి చేతి కండరములలోని శక్తి ఉలికి, ఉలినుండి పెచ్చునకు, తుదకు కర్రను, గాలిని కొంచెము వేడి చేయుటకు పోయినది. మొత్తము లెక్క వేసినచో ఒక్క జౌలు కూడ తగ్గలేదు. అనగా వెనుకకు నడువని సంఘటనలో కూడ శక్తి నిలిచియే యున్నది. దీనిని బట్టియే ఈ రెండు విషయములు వేరని కొంత తెలియుచున్నది.

నియమము దినమునకొక తీరుగా నున్నచో

కొండపల్లికి ఎగువన కృష్ణానదిపై నాగార్జునసాగరము కలదు. అచ్చటి ప్రధాన విద్యుద్గృహములో ఎనిమిది యూనిట్లు కలవు. వానిలో ఏడు, ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల సామర్థ్యము గలవి, రెండు దిశలలోను తిరుగునట్లు నిర్మింపబడినవి. ఒక దిశలో తిరిగినపుడు నీరు క్రిందికి దిగి విద్యుత్తు పుట్టించును. విద్యుత్తు మిగులుగా నున్న వేళ అవే యంత్రములు వ్యతిరేక దిశలో తిరిగి నీటిని పైకి తోడగలవు. శక్తి నిత్యత్వమునకు మూలమేమో తెలిసికొనుటకు ఈ యంత్రములు చక్కని ఉదాహరణము.

ఒక టన్ను నీటిని 100 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు 9,80,000 జౌళ్ల పని చేయవలెను. ఆ నీరు అంతే ఎత్తునుండి దిగినపుడు, ఘర్షణ మొదలగు నష్టములు లేనిచో, సరిగా 9,80,000 జౌళ్లే తిరిగి ఇచ్చును. లాభము లేదు, నష్టము లేదు.

ఇప్పుడు ఒక కల్పన చేయుదము. భూమ్యాకర్షణ ఉదయము కొంచెము బలహీనముగాను, సాయంకాలము కొంచెము బలముగాను ఉన్నదనుకొందము. ఉదయము గురుత్వ త్వరణము 9.7, సాయంకాలము 9.8 అనుకొన్నచో ఉదయము టన్ను నీటిని పైకి తోడుటకు 9,70,000 జౌళ్లు చాలును. సాయంకాలము వదలినచో 9,80,000 జౌళ్లు లభించును. టన్నుకు 10,000 జౌళ్లు ఊరకనే వచ్చినవి! ప్రతిదినము ఇట్లే చేసినచో బొగ్గు అక్కరలేదు, వర్షము అక్కరలేదు.

ఇట్టి యంత్రము లోకములో లేకపోవుటకు కారణము యంత్రములు చేయువారి నేర్పు చాలకపోవుట కాదు. ఆకర్షణ నియమము ఉదయమొకటి, సాయంకాలమొకటి కాకుండుటయే. ఒక ప్రయోగమును నేడు చేసినను, ఇదే పరిస్థితులలో నూరేండ్లకు చేసినను ఫలితము ఒకే విధముగా నుండును. కాలములో ఏ క్షణమునకును ప్రత్యేకత లేదు. దీనినే కాల సజాతీయత అందురు. శక్తి నిత్యత్వము దీని ఫలితము.

మధ్యాహ్నపు అద్దము

పై కల్పననే కొంచెము మార్చి చూచినచో అసలు మర్మము తేటపడును. ఆకర్షణ ఉదయము బలముగాను, సరిగా మధ్యాహ్నము 12 గంటలకు బలహీనముగాను, సాయంకాలము మరల అంతే బలముగాను ఉన్నదనుకొందము. 11 గంటలకెంతయో 1 గంటకంతే. 10 గంటలకెంతయో 2 గంటలకంతే. మధ్యాహ్నమును అద్దముగా నిలిపినట్లు, ముందు జరిగినది వెనుక జరుగుదానికి ప్రతిబింబము. ఈ లోకములో ఒక దినపు చలనచిత్రమును మధ్యాహ్నము ఆధారముగా వెనుకకు త్రిప్పినచో అదియు నియమబద్ధమైన చిత్రమే అగును. అనగా మధ్యాహ్నమును గురించి కాల విపర్యయ సౌష్ఠవమున్నది. కాని శక్తి నిలువదు: మధ్యాహ్నము నీటిని పైకి తోడి సాయంకాలము వదలినచో లాభము వచ్చుచునే యుండును.

కావున ఒక క్షణమును గురించిన విపర్యయ సౌష్ఠవము శక్తిని కాపాడజాలదు.

అయితే ఈ రెంటికిని బొత్తిగా సంబంధము లేదనుట కూడ తప్పు. క్షౌరశాలలో ఎదురెదురుగా రెండు అద్దములుండుట అందరును చూచినదే. ఒక అద్దములో ప్రతిబింబించిన రూపము రెండవ అద్దములో మరల ప్రతిబింబించినపుడు కుడియెడమలు సరియగును. రూపము మాత్రము కొంతదూరము జరిగి కనబడును. రెండు ప్రతిబింబములు కలిసి ఒక జరుగుట అయినది. కాలములోను ఇట్లే. 12 గంటలను గురించి ఒకమారు, 1 గంటను గురించి ఒకమారు కాలమును త్రిప్పినచో ఫలితము కాలమును 2 గంటలు జరుపుటయే. కావున ప్రతిక్షణమును గురించియు విపర్యయ సౌష్ఠవమున్న లోకములో కాల సజాతీయత తానే వచ్చి చేరును; దానితో శక్తి నిత్యత్వము కూడ వచ్చును. కాని దీనికి వ్యతిరేకము నిజము కాదు. కాల సజాతీయత ఉండి, విపర్యయ సౌష్ఠవము లేకుండ ఉండవచ్చును. అట్టి ఉదాహరణములు ప్రకృతిలో నిజముగానే కలవు.

ఎమ్మీ నోథర్ సిద్ధాంతము

సౌష్ఠవమునకు, నిత్యత్వమునకు గల సంబంధమును గణితరీత్యా స్థాపించినది జర్మను గణితవేత్రి ఎమ్మీ నోథర్. ఆమె 1882 లో జన్మించినది. సాధారణ సాపేక్ష సిద్ధాంతములో శక్తి నిత్యత్వమును ఎట్లు అర్థము చేసికొనవలెనను చిక్కు గోటింగెనులోని హిల్బర్టు, క్లైను వంటి మహాగణితజ్ఞులను వేధించుచుండెను. వారి ఆహ్వానముపై 1915 లో ఆమె అచ్చటికి వచ్చినది. స్త్రీ అగుటచే ఆమెకు ఉపన్యాసాధికారము లభింపలేదు. కొంతకాలము ఆమె ఉపన్యాసములు హిల్బర్టు పేరిట ప్రకటింపబడెను. 1918 లో ఆమె ప్రచురించిన వ్యాసము నేటికిని భౌతికశాస్త్రమునకు మూలస్తంభము. 1919 లో మాత్రమే ఆమెకు ఉపన్యాసాధికారము దొరికినది. 1933 లో నాజీ ప్రభుత్వము ఆమెను తొలగింపగా అమెరికా చేరి, 1935 లో మరణించినది.

ఆమె సిద్ధాంత సారాంశమిది: చలన నియమములు క్రియా సూత్రమును అనుసరించునపుడు, వానిలోని ప్రతి అవిచ్ఛిన్న సౌష్ఠవమునకును ఒక నిత్యరాశి ఉండును. కాలములో జరిపినను నియమము మారనిచో శక్తి నిత్యము. స్థలములో జరిపినను మారనిచో ద్రవ్యవేగము నిత్యము. దిశను త్రిప్పినను మారనిచో కోణీయ ద్రవ్యవేగము నిత్యము.

ఇందులో ‘అవిచ్ఛిన్న’ మను మాట ముఖ్యమైనది. దీని అర్థము తెలుగునాటి బొమ్మలను చూచినచో తెలియును. ఏటికొప్పాక లక్కబొమ్మలను తరిమెన పట్టి చేయుదురు. అట్టి బొంగరమును ఎంత కొంచెము త్రిప్పినను, ఎంత ఎక్కువ త్రిప్పినను రూపము మారదు. ఇది అవిచ్ఛిన్న సౌష్ఠవము; ఎంత చిన్న మార్పునైనను అంగీకరించును. ఉలితో చెక్కిన కొండపల్లి బొమ్మ అట్లు కాదు. నిలువుగా నిలిచిన స్త్రీమూర్తిని అద్దములో చూచినచో కుడియెడమలు మారి అదే రూపము కనబడవచ్చును గాని, కొంచెము ప్రక్కకు త్రిప్పినచో రూపము వేరగును. అద్దపు సౌష్ఠవము ఉన్నది లేక లేదు. దానిలో కొంచెమను మాటకు తావు లేదు. కాల విపర్యయము ఈ రెండవ జాతికి చెందినది. కాలము ముందునకు పోవలెను లేదా వెనుకకు పోవలెను. నడుమ మెట్లు లేవు. కావున నోథర్ సిద్ధాంతము దానికి వర్తింపదు.

అట్లని విపర్యయ సౌష్ఠవము నిష్ఫలమని తలపరాదు. దాని ఫలములు వేరు. 1931 లో ఆన్సాగర్ దానిని ఆధారము చేసికొని, ఉష్ణప్రవాహమునకు, విద్యుత్ప్రవాహమునకు నడుమ గల పరస్పర సంబంధములను నిరూపించెను. 1968 లో ఆయనకు రసాయనశాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది.

కృష్ణా సీమ శాస్త్రజ్ఞుడు - అయస్కాంత స్ఫటికములు

సౌష్ఠవ శాస్త్రమున ఆంధ్రుల కృషి కూడ స్మరింపదగినది. 1909 లో నాటి కృష్ణాజిల్లాలో జన్మించిన సూరి భగవంతం, రామన్ వద్ద పరిశోధన చేసి, పిదప వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రమును బోధించెను. గణితశాస్త్రజ్ఞుడగు టి. వెంకటరాయుడుతో కలిసి, సమూహ సిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించుటను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును 1948 లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించినది. స్ఫటికముల సౌష్ఠవమును గూర్చిన ఆయన మరియొక గ్రంథము 1966 లో వెలువడెను.

స్ఫటికములకు, కాల విపర్యయమునకు సంబంధమేమని అడుగవచ్చును. త్రిప్పుట, అద్దములో చూచుట మొదలగు మార్పుల ననుసరించి స్ఫటికములను 32 తరగతులుగా విభజించుట పాత పద్ధతి. అయస్కాంత గుణము గల స్ఫటికములకు ఇది చాలదు. అయస్కాంతత్వము ఎలక్ట్రానుల భ్రమణము, పరిభ్రమణము వలన కలుగునది. కాలమును వెనుకకు త్రిప్పినచో ఆ భ్రమణములన్నియు ఎదురు దిశకు మారును, ఉత్తరధ్రువము దక్షిణధ్రువమగును. కావున కాల విపర్యయమును కూడ ఒక సౌష్ఠవ క్రియగా చేర్చి లెక్కింపగా తరగతులు 122 అగును.

ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. కాల విపర్యయ సౌష్ఠవము గల పదార్థములో విద్యుత్క్షేత్రము తగినంత మాత్రమున, క్షేత్రమునకు అనుపాతములో, అయస్కాంతత్వము పుట్టరాదు. క్రోమియం ఆక్సైడు స్ఫటికములో ఆ సౌష్ఠవము భగ్నమైయున్నది గనుక పుట్టవలెనని 1959 లో జ్యలోషిన్‌స్కీ ఊహించెను. మరుసటి సంవత్సరమే ఆస్ట్రోవ్ ప్రయోగములో అది కనబడెను. ఇట్టి స్ఫటికములో కాల విపర్యయము భగ్నమైనను శక్తి లెక్కలో ఏ లోపమును రాలేదు.

ఈ స్ఫటికములో విపర్యయ సౌష్ఠవము లేకుండుట దాని అమరికకు సంబంధించినది. మౌలిక నియమములలోనే అట్టి లోపము కలదా? కలదు. 1964 లో క్రోనిన్, ఫిచ్ మొదలగువారు తటస్థ కే-మీసానుల విఘటనమును పరిశీలించుచు, ఈ సౌష్ఠవము భగ్నమగుచున్నదని సూచించు తొలి ఆధారమును కనుగొనిరి. 1998 లో జెనీవా సమీపమున నున్న సెర్న్ పరిశోధనాలయములో దానిని నేరుగా కొలిచిరి. కే-మీసాను దాని ప్రతికణముగా మారు రేటును, ప్రతికణము మీసానుగా మారు రేటును పోల్చగా, వెయ్యింట ఆరేడు వంతుల తేడా కనబడినది. అనగా ముందుకు నడచు క్రియ, వెనుకకు నడచు క్రియ సరిసమానములు కావు. 2012 లో స్టాన్‌ఫోర్డు ప్రయోగములో బీ-మీసానులలో కూడ ఇట్టి భేదము నిశ్చయమైనది. ఈ ప్రయోగములు అన్నింటిలోను శక్తి మాత్రము చెక్కు చెదరలేదు. విపర్యయ సౌష్ఠవము పోయినను కాల సజాతీయత నిలిచియున్నది గనుక శక్తి నిలిచినది. అపోహకు ఇంతకు మించిన ఖండనము అక్కరలేదు.

పొగ తిరిగి గొట్టములోనికి ఏల రాదు?

కే-మీసానుల భేదము అతిస్వల్పమైనది. కర్ర పెచ్చు లేచి తిరిగి అతుకుకొనకపోవుటకు, విద్యుత్కేంద్రపు పొగ తిరిగి గొట్టములోనికి రాకపోవుటకు అది కారణము కాదు. పొగలోని ఒక్కొక్క అణువు ఢీకొను తీరును వెనుకకు త్రిప్పినచో అది పూర్తిగా నియమబద్ధమే. మరి ఒక్కొక్క అణువునకు వీలైనది అణువులన్నిటికిని ఏల వీలుగాదు? 1876 లో లోష్మిట్ అను శాస్త్రజ్ఞుడు బోల్ట్స్‌మనును ఇదే అడిగెను.

దీనికి సమాధానము సంభావ్యతలో నున్నది. ఒక పెట్టెలో 10 అణువులు విచ్చలవిడిగా తిరుగుచున్నవనుకొందము. అవి అన్నియు ఒకే క్షణమున పెట్టె ఎడమ సగములో చేరు అవకాశము 1,024 లో ఒకటి. ఓపికతో చూచినచో అప్పుడప్పుడు ఇది కనబడును. 100 అణువులున్నచో ఆ అవకాశము 1 ప్రక్కన 30 సున్నలు వేసిన సంఖ్యలో ఒక వంతు కంటెను తక్కువ. గుప్పెడు పొగలోనే అణువులు కోటికోట్లను మించియుండును. అవి చెదరియుండుటకు గల మార్గములు అనంతప్రాయములు. కూడియుండుటకు గల మార్గములు బహుస్వల్పములు. ఈ మార్గముల సంఖ్యను కొలుచు రాశియే ఎంట్రొపీ. కూడియున్న స్థితి నుండి బయలుదేరినచో ఎంట్రొపీ పెరుగుచునే పోవును. నియమము దారిని నిషేధింపలేదు. ఆ దారిలో పోవు అవకాశము లేనంత తక్కువ.

ఇక ఘర్షణను గూర్చి ఒక సందేహము కలుగవచ్చును. ఘర్షణ నియమము నిన్న, నేడు ఒక్కటే గదా, ఐనను దొర్లు బంతి శక్తి తగ్గి ఏల నిలిచిపోవును? ఘర్షణ యనునది మౌలిక నియమము కాదు. అసంఖ్యాకములగు అణువుల చలనమును లెక్కింపజాలక, వాని మొత్తము ప్రభావమునకు మనము పెట్టుకొన్న సంక్షిప్తమైన పేరు. బంతిని, నేలను, గాలిని, వాని అణువులన్నిటిని కలిపి లెక్కించినచో శక్తి ఎచ్చటికిని పోలేదు. బంతి పోగొట్టుకొన్నది అణువుల చలనముగా, అనగా వేడిగా మారినది.

ఇబ్రహీంపట్నపు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఇబ్రహీంపట్నము కేంద్రములో మొదటి యూనిట్ 1979 లో ప్రారంభమైనది. మొత్తము 210 మెగావాట్ల యూనిట్లు ఆరు నిర్మింపబడగా, తరువాత 500, 800 మెగావాట్ల యూనిట్లు చేరినవి. 210 మెగావాట్ల యూనిట్ ఒకదానిని తీసికొందము. ఈ తరహా యూనిట్ బొగ్గులోని శక్తిలో నూటికి సుమారు 35 వంతులను విద్యుత్తుగా మార్చును. అనగా 210 మెగావాట్ల విద్యుత్తునకు సుమారు 600 మెగావాట్ల ఉష్ణము కావలెను. మిగిలిన 390 మెగావాట్లు ఏమైనవి? అధికభాగము ఆవిరిని చల్లబరచు నీటిని వేడిచేయుటకు, కొంత పొగతో గాలిలోనికి పోయినది. 210, 390 కలిపినచో 600. లెక్క సరిపోయినది, శక్తి నిత్యత్వ నియమము ఒక్క జౌలు కూడ వదలలేదు.

ఈ 390 మెగావాట్లు ఇంజనీర్ల అసమర్థత వలన మాత్రమే పోయినవి కావు. ఉష్ణమునుండి పని రాబట్టుటకు వేడి చోటు ఒకటి, చల్లని చోటు ఒకటి ఉండవలెనని 1824 లో కార్నో చూపెను. ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 540 డిగ్రీలు, చల్లబడు చోట 40 డిగ్రీలు అనుకొన్నచో, ఏ లోపము లేని ఆదర్శ యంత్రమైనను నూటికి 61 వంతులకు మించి పనిగా మార్చలేదు. నిజమైన యంత్రములు అందులో ఇంకను తక్కువ చేయును.

చల్లబరచు నీటిలో చేరిన వేడిని మరల వాడుకొనరాదా? ఆ నీరు 40 డిగ్రీలు, చుట్టుప్రక్కల గాలి 30 డిగ్రీలు ఉన్నచో ఆదర్శ యంత్రమైనను ఆ వేడిలో నూటికి 3 వంతులు మాత్రమే పనిగా మార్చగలదు. ఆ నీరు గాలితో సమానముగా చల్లారినపిదప అదియును సున్న. శక్తి అంతయు అచ్చటనే, కృష్ణ నీటిలోను గాలిలోను ఉన్నది. కాని చెదరిపోయినది. బస్తాడు ధాన్యమును ఊరి పొలములన్నింట గింజగింజగా చల్లినట్లు: గింజలు నశింపలేదు, వంటకు మాత్రము రావు.

నాగార్జునసాగరపు యంత్రములను గూర్చి కూడ ఇట్లే గ్రహింపవలెను. అవి వెనుకకు తిరిగినంత మాత్రాన కాలము వెనుకకు తిరుగలేదు. ఇట్టి కేంద్రములలో నీటిని పైకి తోడుటకు 100 యూనిట్లు వెచ్చించినచో తిరిగి వచ్చునది సాధారణముగా 70 మొదలు 80 యూనిట్లు. నిజముగా కాలము వెనుకకు తిరిగినచో బేరింగులు, గొట్టములు, నీరు గ్రహించిన వేడి యంతయు తిరిగి కూడి యంత్రమును త్రిప్పవలెను. అట్లు జరుగదు.

నిత్యత్వమునకు గల హద్దు

ప్రకృతి నియమములు మారలేదని ఎట్లు తెలిసినది? ఆఫ్రికాలోని గాబన్ దేశమున ఓక్లో యురేనియం గనిలో, సుమారు 200 కోట్ల సంవత్సరముల క్రిందట సహజముగానే పరమాణు విచ్ఛేదనము జరిగినట్లు 1972 లో తెలిసినది. అచ్చట మిగిలిన మూలకముల పాళ్లను పరిశీలింపగా, విద్యుద్బలపు పరిమాణములో నాటికిని నేటికిని గుర్తింపదగిన భేదము కనబడలేదు.

అయితే విశ్వము మొత్తమును తీసికొన్నచో పరిస్థితి వేరు. విశ్వము వ్యాకోచించుచున్నది, దాని నిన్నటి రూపము నేటి రూపము ఒకటి కాదు. 1965 లో పెంజియాస్, విల్సన్ వెల్లడించిన విశ్వాంతరాళ సూక్ష్మతరంగములు బయలుదేరినపుడు సుమారు 3,000 కెల్విను డిగ్రీల కాంతి. నేడు వాని ఉష్ణోగ్రత 2.7 కెల్వినులు. ఆ కాంతికణముల శక్తి సుమారు 1,100 వంతులు తగ్గినది. ఆ శక్తి ఏ పాత్రలోనికి పోయినదని అడిగినచో, సాధారణ సాపేక్ష సిద్ధాంతములో దానికి సర్వసమ్మతమైన జమ ఖర్చుల లెక్క లేదు. వ్యాకోచించు విశ్వమునకు కాల సజాతీయత లేదు గనుక, మొత్తము శక్తి నిత్యమను నియమమును అచ్చట కోరుట తగదు. నియమము పుట్టుటకు కారణమైన సౌష్ఠవము లేనిచోట నియమమే లేదు. ప్రయోగశాలలో, యంత్రములలో, భూమిపై జరుగు పనులలో మాత్రము దానికి భంగము లేదు.

అప్పుడప్పుడు ఇంధనము లేకుండ నిరంతరము పని చేయు యంత్రమును కనుగొంటిమని ప్రకటించువారు, దానిపై పెట్టుబడి పెట్టుడని అడుగువారు కనబడుచుందురు. అట్టివారిని రెండు ప్రశ్నలు అడుగవచ్చును. మీ యంత్రము ప్రకృతి నియమములు ఉదయమొకటి, సాయంకాలమొకటి కావలెనని కోరుచున్నదా? లేక చెదరిన వేడి తానే కూడవలెనని కోరుచున్నదా? మొదటిది కోరినచో శక్తి నిత్యత్వమునకు విరుద్ధము. రెండవది కోరినచో ఎంట్రొపీ నియమమునకు విరుద్ధము. ఏది విరుద్ధమైనను ఆ యంత్రము పని చేయదు, పెట్టిన డబ్బు తిరిగి రాదు.

కావున విద్యుత్తును పొదుపు చేయుట యనగా శక్తిని నశింపకుండ కాపాడుట కాదు. దానిని ప్రకృతియే కాపాడుకొనుచున్నది. బొగ్గులోను, ఎత్తున నిలిచిన నీటిలోను శక్తి కూడియున్న స్థితి అపురూపమైనది. అవసరము లేని దీపము ఆర్పినపుడు మనము కాపాడునది ఆ స్థితినే. ఒకమారు చెదరిన పిదప దానిని ఉచితముగా మరల కూర్చి ఇచ్చు యంత్రము లేదు.